ఒకే దేశం, ఒకే ఏడాది, రెండు ఉద్గారాల అంకెలు: ఏది సరైనది?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. ఒక దేశపు పర్యావరణ శాఖ ఐక్యరాజ్యసమితికి పంపిన నివేదికలో గ్రీన్‌హౌస్ వాయువుల మొత్తం ఒకలా ఉంది. అదే దేశపు గణాంక కార్యాలయం అదే ఏడాదికి ప్రచురించిన పట్టికలో ఇంకోలా ఉంది. ఇళ్ల వాటా ఐదో వంతు అని ఒకచోట, సగానికి పైనే అని మరోచోట చదివారు. ఇందులో తప్పెవరిది, అసలు ఇన్ని లక్షల పొగ గొట్టాలకు, వాహనాలకు, పొయ్యిలకు మీటర్లు ఎవరు బిగించారు అని అడిగారు.

చాలా ఏళ్లు నేను చేసిన ఉద్యోగం ఈ లెక్కలు కట్టడమే కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. మీటర్లు ఎవరూ బిగించలేదు. తప్పు కూడా బహుశా ఎవరిదీ కాదు. మీరు చూసినవి వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. పట్టిక మీద జవాబు ఒక్కటే అచ్చవుతుంది, ప్రశ్న అచ్చు కాదు. చిక్కంతా అక్కడే.

మొదట కొలత సంగతి చూద్దాం. ఉద్గారాల గణాంకాలు అనగానే గాలిని సీసాల్లో పట్టి పరీక్షించే శాస్త్రవేత్తలు చాలామంది కళ్ల ముందు మెదులుతారు. నా బల్ల మీద ఎప్పుడూ ఉన్నవి ఇంధన అమ్మకాల వివరాలు, ఫ్యాక్టరీల ఉత్పత్తి నివేదికలు, పశుగణన ఫలితాలు, వాహనాల రిజిస్ట్రేషన్ జాబితాలు. పద్ధతి ఒక్క ముక్కలో చెప్పవచ్చు: ఏ పని ఎంత జరిగిందో తెలుసుకుని, ఆ పని ఒక్కో ప్రమాణానికి ఎంత వాయువు వెలువడుతుందో చెప్పే గుణకంతో హెచ్చవేయాలి. ఆ గుణకాన్ని ఉద్గార గుణకం అంటాం. వాతావరణ మార్పులపై ఏర్పాటైన అంతర్ ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, 2006లో వెలువరించిన మార్గదర్శకాల్లో ఇలాంటి గుణకాలు వందల పేజీల నిండా ఉన్నాయి. 2019లో వాటికి సవరణలు వచ్చాయి.

ఒక లీటరు డీజిల్ తీసుకోండి. బరువు సుమారు 0.84 కిలోలు. కిలో డీజిల్ మండితే 43 మెగాజౌళ్ల వేడి వస్తుంది, కాబట్టి లీటరుకు దాదాపు 36 మెగాజౌళ్లు. ఒక్కో మెగాజౌలుకు 74.1 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని ఐపీసీసీ పట్టిక చెబుతుంది. హెచ్చవేస్తే 2.68 కిలోలు. ఒక కిలో కూడా తూగని ద్రవం నుంచి రెండున్నర కిలోలకు పైగా వాయువు ఎలా వచ్చిందని కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగీ అడుగుతాడు. అడగకపోతే నాకు అనుమానం వస్తుంది. మండేటప్పుడు ఇంధనంలోని ప్రతి 12 పాళ్ల కార్బన్‌కూ గాలి నుంచి 32 పాళ్ల ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, మొత్తం 44 పాళ్లు అవుతుంది. అదనపు బరువంతా గాలిదే.

ఈ లెక్కలో గమనించవలసినది, ఇంజను ఎలాంటిదో మనం ఎక్కడా అడగలేదు. పాత లారీలో పోసినా, కొత్త కారులో పోసినా, పొలంలో పంపుకు పోసినా డీజిల్‌లోని కార్బన్ దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్‌గానే బయటికి వస్తుంది. ఎన్ని లీటర్లు కాలాయో తెలిస్తే చాలు. అందుకే ఇంధనాల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఈ గణాంకాలన్నింటిలోకీ నమ్మదగినది. ఇంధన గణాంకాలు బాగున్న దేశాల్లో తేడా కొద్ది శాతానికి మించదు. అదే ఇంజను నుంచి వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ అలా కాదు. అవి మంట వేడిమి మీద, ఇంజను వయసు మీద, పొగను శుద్ధి చేసే పరికరం మీద ఆధారపడతాయి.

అంత సులువైన లెక్కలో కూడా ఎలా బోల్తా పడతామో నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక ఏడాది ఇళ్లలో సహజ వాయువు వాడకం వరుసలో ఉద్గారాలు దాదాపు 10 శాతం పెరిగి కనిపించాయి. చలికాలం కాస్త గట్టిగానే ఉండింది కాబట్టి ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. మా సహోద్యోగి ఒకరు పత్రికా ప్రకటన ముసాయిదాలో ‘చలి తీవ్రత వల్ల’ అని వాక్యం కూడా రాసేశారు. ఎందుకో మనసు ఒప్పక, ఉష్ణోగ్రతల లెక్కలు తెప్పించి చూశాను. చలి అంత ఎక్కువేమీ లేదు. రెండు రోజులు వెతికితే తేలింది: మాకు వివరాలు పంపే సంస్థ ఆ ఏడాది వాయువు ఉష్ణ విలువను నికరంగా కాక స్థూలంగా లెక్కించి పంపింది. వాయువు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత వేడి దాగి ఉంటుంది. దాన్ని కలుపుకుంటే స్థూల విలువ, వదిలేస్తే నికర విలువ. బొగ్గుకు, చమురుకు ఈ రెండింటి మధ్య తేడా 5 శాతం ఉంటే, హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న సహజ వాయువుకు 10 శాతం ఉంటుంది. ఐపీసీసీ గుణకాలు నికర విలువకు కట్టినవి. ఫైలులో శీర్షిక మారలేదు, ప్రమాణం పేరు మారలేదు, లోపలి అర్థం మారిపోయింది. చలి పాపం ఏ పాపమూ ఎరగదు. అప్పటి నుంచి గుండ్రంగా 10 శాతం పెరుగుదల ఎక్కడ కనిపించినా నేను ముందు వాతావరణాన్ని నమ్మను.

గుణకం తప్పినా, వాడకం తప్పినా ఫలితం తప్పుతుంది, చైనా బొగ్గు విషయంలో 2015లో రెండూ చర్చకు వచ్చాయి. ఆ దేశపు ఇంధన గణాంకాల సవరణతో కొన్ని సంవత్సరాల బొగ్గు వాడకం మునుపు చెప్పినదానికన్నా 17 శాతం దాకా ఎక్కువని బయటపడింది. చిన్న కంపెనీలు, చిన్న ఫ్యాక్టరీల వాడకం మునుపటి లెక్కలో సరిగ్గా చేరలేదు. అదే ఏడాది వెలువడిన ఒక పరిశోధన, అక్కడి బొగ్గుకు వాడవలసిన గుణకం ఐపీసీసీ సాధారణ గుణకం కంటే సగటున 40 శాతం తక్కువని చెప్పింది, ఆ బొగ్గులో కార్బన్ తక్కువ, బూడిద ఎక్కువ కాబట్టి. ఒకటి పైకి లాగింది, ఇంకొకటి కిందికి లాగింది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బొగ్గు వాడే దేశం విషయంలోనే ఇంత ఊగిసలాట ఉంటే మిగతా చోట్ల ఎంత జాగ్రత్త కావాలో ఊహించుకోండి.

అందుకే మార్గదర్శకాల్లో మూడు అంచెలు పెట్టారు. ఏమీ తెలియనప్పుడు ఐపీసీసీ ఇచ్చిన సాధారణ గుణకం వాడడం మొదటి అంచె. సొంత దేశపు ఇంధనాన్ని, పశువులను, నేలను పరీక్షించి కట్టుకున్న గుణకం వాడడం రెండోది. ఒక్కో ఫ్యాక్టరీ వివరాలు, వివరమైన నమూనాలు వాడడం మూడోది. మీరడిగిన మీటర్లు ఏవైనా ఉంటే ఈ మూడో అంచెలోనే ఉంటాయి. కొన్ని పెద్ద విద్యుత్ కేంద్రాల పొగ గొట్టాల్లో నిరంతరం కొలిచే పరికరాలు నిజంగానే ఉంటాయి. యూరప్‌లో 2005 నుంచి నడుస్తున్న ఉద్గారాల వ్యాపార వ్యవస్థ కింద పెద్ద ఫ్యాక్టరీలన్నీ ఏటా తమ లెక్క తనిఖీ చేయించి ఇవ్వాలి. అయితే ఆ ఫ్యాక్టరీల్లో కూడా ఎక్కువ భాగం గొట్టంలో కొలవవు, ఇంధనాన్ని తూచి హెచ్చవేస్తాయి. పెద్ద లెక్కైనా చిన్న లెక్కైనా హెచ్చవేతే.

సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అక్కడ ఒకే గొట్టం నుంచి రెండు రకాల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కొలిమిని వేడి చేయడానికి కాల్చిన బొగ్గుది ఒకటి. ఆ వేడికి సున్నపురాయి విడిపోయి సున్నంగా మారినప్పుడు రాయిలోంచే వచ్చేది రెండోది. మంట లేకుండా ఏదో మాయతో రాయిని వేడి చేయగలిగినా ఈ రెండోది ఆగదు. సిమెంటుగా పొడి చేయడానికి ముందు కొలిమి నుంచి వచ్చే గడ్డలను క్లింకర్ అంటారు. టన్ను క్లింకర్‌కు ఇలా రాయి నుంచి వచ్చేదే అర టన్ను పైచిలుకు, సాధారణ గుణకం 0.51 టన్ను. ఐక్యరాజ్యసమితికి పంపే జాబితాలో బొగ్గు పొగ ‘ఇంధనం’ అనే శీర్షిక కింద, రాయి పొగ ‘పారిశ్రామిక ప్రక్రియలు’ అనే శీర్షిక కింద పడతాయి. ఒకే గొట్టం, ఒకే యజమాని, రెండు అధ్యాయాలు. సిమెంటు పరిశ్రమ మొత్తం ఎంత వదిలిందో ఆ జాబితాలో ఒక్క వరుసలో దొరకదు. ఇది గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అక్కరకు వస్తుంది.

ఇంధనం, సిమెంటు దాటి పశువులు, నేల, చెత్త దగ్గరికి వచ్చేసరికి నేల కాస్త మెత్తబడుతుంది. నెమరు వేసే పశువుల కడుపులో పుట్టే మీథేన్‌ను పశువుల సంఖ్యతో గుణిస్తాం. మొదటి అంచెలో గొర్రెకు ఏడాదికి 5 లేదా 8 కిలోలు, దేశం పేదదా సంపన్నదా అన్నదాన్ని బట్టి. పొలంలో వేసిన నత్రజనిలో 1 శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పైకి పోతుందని 2006 గుణకం. ఆ 1 శాతానికి ఇచ్చిన అనిశ్చితి పరిధి 0.3 నుంచి 3 శాతం వరకు. అంటే అసలు విలువ అంకెలో మూడో వంతు కావచ్చు, మూడు రెట్లూ కావచ్చు. వాన పడిందా, నేల జిగటదా ఇసుకదా అన్నదాన్ని బట్టి అంత మారుతుంది. చెత్తకుప్పల మీథేన్ ఇంకో రకం చిత్రం: ఈ ఏడాది లెక్కలో పడేది దశాబ్దాల కిందట పారేసిన ఆహారం, కాగితం మెల్లమెల్లగా కుళ్లడం వల్ల వచ్చింది. అందుకే చెత్తకు ఈ ఏడాది అంకె ఒక్కటీ చాలదు, పాత సంవత్సరాల చెత్త చరిత్ర కావాలి.

ఈ వాయువులన్నింటినీ ఒకే తక్కెడలో వేయాలి కదా. వందేళ్ల కాలంలో భూమిని వేడెక్కించే శక్తిని బట్టి ఒక్కోదానికి ఒక తూకం ఇస్తారు. పారిస్ ఒప్పందం కింద ఇప్పుడు వాడే తూకంలో కిలో మీథేన్ 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, నైట్రస్ ఆక్సైడ్ 265తో, విద్యుత్ స్విచ్‌గేర్‌లో వాడే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ 23,500తో. శాస్త్రం మారినకొద్దీ ఈ తూకాలూ మారాయి. మీథేన్‌కు ఒకప్పుడు 21 వాడారు, తర్వాత 25. నైట్రస్ ఆక్సైడ్‌కు 310, ఆ పైన 298. పదిహేనేళ్ల కిందటి నివేదిక అంకెను కొత్త నివేదిక అంకె పక్కన పెట్టి ‘పశువుల ఉద్గారాలు పెరిగాయి’ అని రాసే వ్యాసాలు చూసినప్పుడల్లా నాకు నవ్వు రాదు, నీరసం వస్తుంది. పెరిగింది పశువులు కాదు, తూకపు రాయి.

ఇక మీ అసలు ప్రశ్న. ఇంతదాకా ‘ఎంత’ అని అడిగాం. రెండు అంకెల మధ్య తేడా వచ్చేది ‘ఎవరి ఖాతాలో’ అన్నచోట.

ఐక్యరాజ్యసమితికి వెళ్లే జాబితా భూభాగాన్ని చూస్తుంది. సరిహద్దు లోపల జరిగినదంతా ఆ దేశానిదే, చేసినది ఎవరైనా సరే. రోడ్డు వాహనాలకైతే ఇంధనం ఎక్కడ అమ్ముడైందో ఆ దేశానికి రాస్తారు. అంతర్జాతీయ నౌకలు, విమానాలు నింపుకున్న ఇంధనాన్ని విడిగా చూపిస్తారు గానీ ఏ దేశపు మొత్తంలోనూ కలపరు. గణాంక కార్యాలయాలు కట్టే వాయు ఉద్గారాల ఖాతాలు నివాసాన్ని చూస్తాయి. ఆ దేశ ఆర్థిక వ్యవస్థకు చెందిన సంస్థ లేదా కుటుంబం ప్రపంచంలో ఎక్కడ పొగ వదిలినా ఆ దేశపు పద్దే. స్థూల దేశీయోత్పత్తిని లెక్కించేదీ ఇదే సూత్రం మీద. ఈ ఖాతాలకు ఆధారం పర్యావరణ ఆర్థిక ఖాతాల వ్యవస్థ. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2012లో దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదించింది. యూరోపియన్ యూనియన్ దేశాలు 2011 నాటి నిబంధన ప్రకారం ఈ ఖాతాలను తప్పనిసరిగా సమర్పించాలి: 64 పరిశ్రమల వర్గాలు, వాటితో పాటు కుటుంబాలు.

తేడా ఎంత ఉండవచ్చో తెలియాలంటే డెన్మార్క్‌ను చూడాలి. అక్కడి సంస్థలు నడిపే సరుకు నౌకలు ప్రపంచమంతా తిరుగుతాయి, చాలావరకు విదేశీ రేవుల్లోనే ఇంధనం నింపుకుంటాయి. భూభాగపు జాబితాలో ఆ పొగ ఎవరిదీ కాదు. నివాసపు ఖాతాలో అంతా డెన్మార్క్‌దే, అందువల్ల ఆ దేశపు రెండు మొత్తాల మధ్య ఎవరి కంటికైనా ఆనేంత ఎడం ఉంటుంది. లక్సెంబర్గ్ దీనికి తిరగేసిన కథ. ఇంధనంపై పన్ను తక్కువ కావడంతో పొరుగు దేశాల లారీలు, రోజూ పనికి వచ్చిపోయేవారి కార్లు అక్కడ ట్యాంకులు నింపుకుంటాయి. జాబితాలో ఆ ఇంధనమంతా లక్సెంబర్గ్ నెత్తిన పడుతుంది, ఖాతాలో మాత్రం దాన్ని తీసేస్తారు.

భూభాగం నుంచి నివాసానికి వెళ్లాక ఇంకో మలుపు ఉంది: పరిశ్రమల మధ్య పంపకం. జాబితా ‘ఏ ప్రక్రియ’ అని అడుగుతుంది, ఖాతా ‘ఎవరి వ్యాపారం’ అని అడుగుతుంది. సిమెంటు ఫ్యాక్టరీ రెండు పొగలూ ఇక్కడ ఒకే వరుసలోకి వచ్చి చేరతాయి. ఇక్కడ పని సులువైంది. రోడ్డు రవాణా దగ్గర ఆ సుఖం తీరిపోతుంది.

ఒక రొట్టెల ఫ్యాక్టరీ తెల్లవారుజామున సొంత వ్యాన్లలో సరుకు దుకాణాలకు పంపుతుంది అనుకోండి. జాబితాలో ఆ వ్యాన్ల పొగ ‘రోడ్డు రవాణా’. ఖాతాలో అది ఆహార తయారీ పరిశ్రమ పొగ, ఎందుకంటే వ్యాన్ ఆ ఫ్యాక్టరీది. అదే ఫ్యాక్టరీ రేపటి నుంచి వ్యాన్లు అమ్మేసి, సరుకు మోసే పనిని రవాణా సంస్థకు అప్పగిస్తే అవే రొట్టెలు, అదే దారి, అదే వ్యాను, అదే డ్రైవరు కూడా కావచ్చు, కానీ ఉద్గారం ఆహార తయారీ వరుస నుంచి రవాణా వరుసకు దూకుతుంది. మరుసటి ఏడాది ఎవరో ఒకరు ‘ఆహార పరిశ్రమ ఉద్గారాలు తగ్గించుకుంది’ అని మెచ్చుకుంటారు. టాక్సీ రవాణా పరిశ్రమ, సొంత కారు కుటుంబం. కంపెనీ ఇచ్చిన కారులో ఉద్యోగి ఆదివారం పిల్లలతో షికారుకు వెళితే? నియమం స్పష్టంగానే ఉంది, ఆ ప్రయాణం కుటుంబానిది. కానీ ఆదివారం ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో చెప్పే రిజిస్టరు ఏ దేశంలోనూ లేదు.

కాబట్టి అమ్ముడైన పెట్రోలు, డీజిల్‌ను ఇలా విడగొడతాం. వాహనాల రిజిస్ట్రేషన్‌లో యజమాని వ్యక్తా సంస్థా, సంస్థ అయితే ఏ పరిశ్రమకు చెందినది అన్నది చూస్తాం. వాహన తనిఖీల్లో నమోదైన కిలోమీటర్లు ఉంటే కలుపుతాం. ఏ పరిశ్రమ ఇంధనానికి ఎంత డబ్బు ఖర్చు పెట్టిందో జాతీయ ఖాతాల్లో ఉంటుంది, దానితో సరిపోల్చుతాం. కుటుంబాల ఖర్చు సర్వేలు ఉంటాయి. ఇవేవీ ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. ఓపిక తక్కువైన చోట పరిశ్రమలకు పంచగా మిగిలినదంతా కుటుంబాలకు రాసేస్తారు. ఈ మిగులు పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. 64 వరుసల్లో చేసిన తప్పులన్నీ మెల్లగా జారి వచ్చి ఆ ఒక్క వరుసలో చేరతాయి. కుటుంబాల రవాణా అంకె ఏడాది నుంచి ఏడాదికి కారణం లేకుండా గెంతుతుంటే, అది ఇలా మిగిలినది అయి ఉండవచ్చని అనుమానించండి.

కుటుంబాల వరుసలో నిజానికి ఏముంటుందో ఇప్పుడు చెప్పాలి. రవాణా, ఇంటిని వేడి చేయడం లేదా చల్లబరచడం, ‘ఇతరాలు’ అని మూడు భాగాలు ఉంటాయి. సొంత వాహనంలో కాల్చిన ఇంధనం, హీటరులో, పొయ్యి మీద కాల్చిన ఇంధనం, ఎయిర్ కండిషనర్ నుంచి లీకైన శీతలీకరణ వాయువు, గడ్డి కోసే యంత్రం, ఇలాంటివి. అంటే ఇంట్లోనే పుట్టిన పొగ మాత్రమే. మీరు చదివిన ‘ఐదో వంతు’ బహుశా ఈ వరుసదే. విద్యుత్ ఇందులో లేదు, అది విద్యుత్ పరిశ్రమ పద్దు. చెత్త ఇంటి నుంచే వెళ్లినా దాని మీథేన్ చెత్త నిర్వహణ పరిశ్రమది. బస్సు టిక్కెట్టు కొన్నా ఆ పొగ బస్సు సంస్థది.

దీనివల్ల వింతలు జరుగుతాయి. గ్యాస్ బాయిలర్ తీసేసి విద్యుత్ హీట్ పంప్ పెట్టిన ఇంటి ఉద్గారం ఆ రోజే సున్నాకు పడిపోతుంది, విద్యుత్ కేంద్రంలో కొంత పెరుగుతుంది. ఊరంతటికీ ఒకే బాయిలర్ నుంచి గొట్టాల ద్వారా వేడి నీళ్లు సరఫరా చేసే దేశాల్లో కుటుంబాల వాటా చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అక్కడివారు పొదుపరులని కాదు, బాయిలర్ వేరే ఖాతాలో ఉందని. కుటుంబాల వాటాను దేశాల మధ్య పోల్చే పటాలు నాకు పంపి అభిప్రాయం అడుగుతుంటారు. ఆ పటం కుటుంబాల గురించి చెప్పేది తక్కువ, బాయిలర్లు ఎక్కడున్నాయో చెప్పేది ఎక్కువ.

మనుషుల ఊపిరి కలుపుతారా అని కూడా ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు, కొందరు సరదాకి, కొందరు నిజంగానే. కలపరు. మనం వదిలే కార్బన్ నిన్నటి అన్నంలోది, అన్నంలోకి అది పైరు ద్వారా గాలి నుంచే వచ్చింది. ఇదే తర్కం కట్టెలకు వర్తించేసరికి మాత్రం గొడవ మొదలవుతుంది. జాబితాలో కట్టెలు కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఇంధనం శీర్షికలో కలపకుండా పక్కన చూపుతారు, ఎందుకంటే చెట్టు కొట్టినప్పుడే అడవుల శీర్షికలో ఆ నష్టాన్ని రాసి ఉంటారు. ఖాతాలు అడవుల శీర్షికను అసలు తీసుకోవు, కట్టెల పొగను విడి వరుసలో ఇస్తాయి. కలిపి చూస్తారా, వదిలి చూస్తారా అన్నది చదివేవారి ఇష్టం. కట్టెలతో ఇళ్లు వెచ్చబెట్టుకునే దేశాల్లో ఈ ఒక్క ఎంపికతో కుటుంబాల వరుస ఎంతో మారుతుంది. రెండు పత్రికలు రెండు అంకెలు వేసినప్పుడు నేను ముందు వెతికేది ఈ కట్టెలనే.

ఇప్పుడు మీరు చదివిన ‘సగానికి పైనే’. అది పై రెండింటిలో ఏదీ కాదు, మూడో లెక్క. దాన్ని కార్బన్ పాదముద్ర అంటారు. అందులో పొగ ఎక్కడ పుట్టింది, ఎవరు వదిలారు అన్న ప్రశ్నలు పక్కకు పోతాయి. చివరికి ఎవరి కోసం వదిలారు అన్నదే ప్రశ్న. ఒక కుర్చీ కొన్నారు. దాని వెనుక కలప కోసిన మిల్లు, మిల్లుకు విద్యుత్ ఇచ్చిన కేంద్రం, ఆ కేంద్రానికి బొగ్గు తవ్విన గని, గనికి యంత్రం చేసిన ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీకి ఉక్కు, ఇలా గొలుసు తెగదు. ఈ తెగని గొలుసును ఒకే గణితంతో కూడే పద్ధతిని కట్టినవాడు వాసిలీ లియోంటీఫ్, 1973లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నది దీనికే. ప్రతి పరిశ్రమ ప్రతి ఇతర పరిశ్రమ నుంచి ఎంత కొంటుందో చూపే పట్టికను విలోమం చేసి, ఉద్గారాల ఖాతాతో గుణిస్తే చాలు. పరిశ్రమల వారీ ఖాతా లేకపోతే ఈ గణితం నడవదు, మేం వ్యాన్లను అంత కష్టపడి పంచేది సగం ఇందుకోసమే. దేశాల మధ్య పట్టికలను యూరోపియన్ యూనియన్ గణాంక కార్యాలయం యూరోస్టాట్, ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ఓఈసీడీ వంటి సంస్థలు ఇప్పుడు క్రమంగా వెలువరిస్తున్నాయి.

ఆర్థిక వ్యవస్థలో చివరి కొనుగోలుదారుల్లో కుటుంబాలదే పెద్ద వాటా కాబట్టి ఈ లెక్కలో సగానికి పైగా వాటి ఖాతాలో పడడం మామూలే. విదేశంలో తయారై దిగుమతైన వస్తువుల పొగ కూడా ఇందులో కలుస్తుంది, ఎగుమతుల పొగ బయటికి పోతుంది. దీని బలహీనత మాత్రం దాచకూడదు. గొలుసు నడిచేది డబ్బు మీద. ఒకే రకం కుర్చీని రెండింతల ధరకు కొంటే, లెక్క ప్రకారం రెండింతల పొగ. చేతిపనితో చేసిన ఖరీదైన కుర్చీకీ, యంత్రం మీద చేసిన చవక కుర్చీకీ ఒకే వరుస. దేశం మొత్తం మీద ఈ లోపాలు చాలావరకు సర్దుకుంటాయి, ఒక్కో వస్తువు మీద సర్దుకోవు. పాదముద్ర గణాంకాల్లోంచి ఒక వస్తువు అంకె తీసి ప్రచారానికి వాడేవారిని నమ్మకండి.

ఆలస్యం గురించి, సవరణల గురించి కొద్దిగా. సంపన్న దేశాలు ఏటా ఏప్రిల్ 15 నాటికి పంపే జాబితా రెండేళ్ల కిందటి సంవత్సరానిది. కొత్త గుణకం దొరికితే ఆ ఏడాదికి మాత్రమే పెట్టి ఊరుకోరు, 1990 నుంచి మొత్తం వరుసను తిరగరాస్తారు. గతం మారిందని విమర్శించేవారు ఉంటారు గానీ, మార్చకపోతేనే వరుస అబద్ధం చెబుతుంది. అందువల్ల నిరుటి నివేదికలోని అంకెను ఈ ఏటి నివేదికలోని అంకెతో ఎప్పుడూ పోల్చకూడదు. ఎప్పుడైనా తాజా నివేదిక ఒక్కటే తీసుకుని, అందులోనే రెండు సంవత్సరాలనూ చదవాలి.

ఈ హెచ్చవేతలన్నీ నిజమేనా అని తనిఖీ లేదా అంటే, ఉంది. దేశంలోకి వచ్చిన మొత్తం ఇంధనాన్ని పైనుంచి లెక్కించి, రంగాల వారీగా కింది నుంచి కట్టిన మొత్తంతో సరిచూస్తారు. యునైటెడ్ కింగ్‌డమ్, స్విట్జర్లాండ్ వంటి దేశాలు మరో అడుగు వేసి, ఎత్తైన కేంద్రాల్లో గాలిని నిజంగానే కొలిచి, గాలి ఎటు నుంచి వీచిందో నమూనాల ద్వారా వెనక్కి లెక్కించి, తమ జాబితాతో పోలుస్తాయి. మీరు ఊహించిన కొలత ఇదొక్కటే. అది జాబితాను పరీక్షించగలదు, జాబితా స్థానంలో కూర్చోలేదు, ఎందుకంటే గాలిలోని అణువు మీద అది వచ్చిన పరిశ్రమ పేరు ఉండదు.

మీ దగ్గరున్న రెండు అంకెల్ని ఇలా విప్పి చూడండి. మొదట అడవులు, భూమి వినియోగం కలిపిన మొత్తమా, కలపనిదా చూడండి. చాలాసార్లు తేడా అక్కడే తేలిపోతుంది. తర్వాత కట్టెల పొగ. తర్వాత వాయువుల తూకం, మీథేన్‌కు 25 వాడిన నాటిదా, 28 వాడిన నాటిదా. ఇవన్నీ సరిపోయాక మిగిలేది నౌకలు, విమానాలు, సరిహద్దు దాటి ట్యాంకులు నింపుకునే వాహనాలు. దానికి గణాంక కార్యాలయాలు సాధారణంగా ఒక వంతెన పట్టిక ఇస్తాయి: పైన ఒక మొత్తం, కింద రెండో మొత్తం, మధ్యలో కలిపినవి, తీసేసినవి. ఏ అంకె వాడాలన్నది మీరు ఏం రాస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. దేశం మాట నిలబెట్టుకుందా అంటే భూభాగపు జాబితా. సంపద పెరిగినకొద్దీ పొగ పెరుగుతోందా అంటే నివాసపు ఖాతా, ఎందుకంటే స్థూల దేశీయోత్పత్తి కూడా నివాసపు లెక్కే. నివాసపు ఉత్పత్తితో భూభాగపు పొగను భాగించి శాతాలు రాయకండి, నౌకలు ఎక్కువున్న దేశాలకు అది ఉచితంగా ఇచ్చిన కితాబు అవుతుంది. మన కొనుగోళ్ల భారం ఎంత అంటే పాదముద్ర.

వంతెన పట్టిక కలిపినా తేడా మిగిలితే, పట్టిక అడుగున ఇచ్చిన నంబరుకు ఫోను చేయండి. అలాంటి ఫోన్లు ఏడాదికి రెండో మూడో వస్తాయి. ఎత్తినవారు విసుక్కోరు, వంతెన పట్టికను చదివిన మనిషి దొరికాడని సంతోషిస్తారు.